రెస్టు వేళలు

లెక్కల పేపరు మీద ఎర్రసిరాతో పంతొమ్మిది అని ఉంది. ఎనభైకి పంతొమ్మిది. సుజాతమ్మ పేపరు వెనక్కి తిప్పి చూసింది, ఇంకో పది మార్కులు అటువైపు ఎక్కడైనా దాక్కున్నాయేమోనని. అటువైపు కొడుకు జెఫ్రీ పెన్సిలుతో గీసిన ఏవో గళ్ళు తప్ప ఏమీ లేవు.

"పోయినేడు ఇదే పరీక్షలో అరవై నాలుగొచ్చాయమ్మా," అంది క్లాస్ టీచర్ సత్యవాణి. ఈ బెంగాలు రైల్వే ఊళ్ళో ఆవిడా తెలుగావిడే, తాల్‌బగీచా పేటలో ఉంటుంది. పొద్దున్నుంచీ మిగతా తల్లులతో హిందీలోనూ బెంగాలీలోనూ వాదించి అలిసిపోయి ఉంటుందేమో, కోప్పడటానికి సొంత భాష దొరికేసరికి కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "ఒక్క లెక్కలే అయితే పోనీ అనుకుందును. సైన్సు చూడండి, ఇంగ్లీషు చూడండి. కుర్రాడు మొద్దా అంటే కాదు. బోర్డు వైపే చూస్తాడు. బుర్ర మాత్రం ఆ ఫోన్ గేములో ఉంటుంది."

"ఏ గేమండీ?"

"అదేనమ్మా, ఎక్కడెక్కడి వాళ్ళో జట్టు కట్టి తుపాకులతో కాల్చుకుంటారు చూడండీ. మీకు తెలీదా?"

తెలీదని చెప్పడానికి సుజాతమ్మకి సిగ్గేసింది. తెలుసని చెప్పడానికి భయమేసింది. పేపరు నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

సత్యవాణి గొంతు తగ్గించింది. తొమ్మిదో తరగతిలో ఈసారి నలుగురు తప్పారట. మిగతా ముగ్గురి తల్లిదండ్రులూ వచ్చి, జట్టు కట్టించింది జెఫ్రీయేనని చెప్పి వెళ్ళారట. మూలం ఎవరో తేల్చి బడిలోంచి పంపెయ్యమని హెడ్మిస్ట్రెస్ అంటోంది.

"శనివారం పదకొండింటికి మీరిద్దరూ రండి. వాడు ఎవరితో ఆడుతున్నాడో పేర్లు చెప్పాలి. చెప్తే, ఎవరో చెడగొట్టారని రాసి, స్పెషల్ క్లాసులో కూర్చోబెట్టి మార్చి పరీక్ష రాయిస్తాం. చెప్పకపోతే మాత్రం వీడే మూలమని రాయాలి. అప్పుడిక టీసీ చేతికివ్వడమే. సగం సంవత్సరంలో ఏ బడి చేర్చుకుంటుందో మీరే ఆలోచించండి. వాళ్ళ నాన్నగారు తప్పకుండా రావాలమ్మా."

పూరీ గేట్ దగ్గర క్వార్టర్‌కి చేరి, సుజాతమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళింది. ఆమె భర్త దావీదు రెస్టులో ఉన్నాడు. గూడ్సు బండి నడిపేవాడి ఇంట్లో అంతకు మించిన శాసనం లేదు. రాత్రంతా ఇంజన్‌లో కూర్చుని వచ్చిన మనిషి పడుకుంటే బెల్లు తీగ పీకేస్తారు, కుక్కర్ ఎక్కించరు, కుట్టుమిషన్ ముట్టుకోరు. సుజాతమ్మ ఊళ్ళోవాళ్ళ జాకెట్లు కుట్టేదంతా ఆయన డ్యూటీలో ఉన్నప్పుడే. జెఫ్రీ నడక నేర్చుకున్నదే మునివేళ్ళ మీద అని పక్కింటి దోర్కా ఎగతాళి చేస్తుంది.

వంటింటి గోడకి చర్చివాళ్ళిచ్చిన కేలండర్ ఉంది. తారీకు కింద ఎర్రపెన్నుతో ఆయన డ్యూటీ ఎక్కిన టైము, నీలంపెన్నుతో దిగిన టైము రాసుకుంటుంది సుజాతమ్మ. టాటాలోనో భద్రక్‌లోనో బండి అప్పజెప్పి, డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూముకి చేరగానే ఆయన ఒక్కసారి ఫోన్ చేస్తాడు. "దిగినాను. పడుకుంటన్నాను." అంతే. మళ్ళీ బండెక్కే ముందు ఆయనే చేసేదాకా ఇంటినుంచి ఎవరూ చెయ్యకూడదు. నిద్ర చాలని డ్రైవరు ఎర్ర సిగ్నల్ చూడకుండా పోతే ఏమౌతుందో రైల్వే ఊళ్ళో ప్రతి ఆడదానికీ తెలుసు. పదిహేడేళ్ళ కాపురంలో సుజాతమ్మ ఆ గీత దాటలేదు.

అయిదింటికి దావీదు లేచి టీ తాగుతుంటే పేపరు చేతికిచ్చింది.

"పంతొమ్మిదేటి?" అన్నాడు. "ఎనభైకా?"

"ఎవలితోటో కలిసి ఫోన్ల ఆడతన్నాడంట. ఆళ్ళ పేర్లు సెప్పకపోతే టీసీ ఇచ్చేస్తారంట. శనోరం మీరూ రావాలంట."

దావీదు పేపరు కింద పెట్టాడు. గ్లాసు ఎత్తాడు. తాగకుండానే దించాడు.

ఆరింటికి జెఫ్రీ సంచి భుజాన వేసుకుని వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే దావీదు లేచివెళ్ళి చెంప మీద ఒక్కటిచ్చాడు. ఆ చప్పుడుకి సుజాతమ్మ ఉలిక్కిపడింది. జెఫ్రీ ఏడవలేదు. తండ్రి ముఖంలోకి ఒక్కసారి చూశాడు. తప్పు చేసి దొరికినవాడు అలా చూడడు. ఆ చూపులో ఏముందో తల్లికి అందలేదు.

"ఫోన్ తియ్యి," అన్నాడు దావీదు. వాడు జేబులోంచి తీసిచ్చాడు. కరోనా కాలంలో ఆన్‌లైన్ క్లాసులకని ఇచ్చిన దావీదు పాతఫోను అది, అప్పట్నుంచీ వాడి దగ్గరే ఉండిపోయింది. దావీదు దాన్ని తెరిచైనా చూడకుండా భార్య చేతిలో పెట్టాడు. "బీరువాలో ఎట్టి తాళమెయ్యి. ఎవలూ ముట్టుకోకండి."

"పేర్లు అడగరేటండీ?"

"అడుగుతానులే. పదింటికి డ్యూటీ ఎక్కాల. లాబీ ఆఫీసు నుంచి కాలొచ్చినాది. ముందు టిఫిన్ కట్టు."

సుజాతమ్మ రొట్టెలు కాల్చింది. డ్యూటీలో ఇచ్చే ప్రతి కాగితాన్నీ అక్షరం అక్షరం చదివి గానీ సంతకం పెట్టని మనిషి, కొడుకు సంగతిలో ఒక్క ప్రశ్న అడగలేదే అనిపించింది. అలసట అని సరిపెట్టుకుంది. ఆయన ఏం చేసినా అలసట అని సరిపెట్టుకోవడం ఆమెకి ఏనాడో అలవాటైపోయింది.

మర్నాడు మంగళవారం. దావీదు టాటాలో దిగానని ఫోన్ చేశాక, జెఫ్రీ బడికెళ్ళాక, సుజాతమ్మ బీరువా తెరిచి ఫోన్ తీసింది. ముట్టుకోవద్దన్న మాట ఆమెకి వర్తిస్తుందని ఆమె అనుకోలేదు. తాళం ఏ గీతతో తెరుచుకుంటుందో కొడుకు భుజం వెనక నుంచి ఎన్నిసార్లు చూసిందో. గేము తెరవగానే వచ్చిన చప్పుడుకి ఉలిక్కిపడింది. గబగబా ఫోన్ గొంతు తగ్గించి, మంచం మీద కూర్చుని, కుట్టు విప్పేటప్పుడు దారం చివర వెతికినట్టు వేలితో అక్కడా ఇక్కడా నొక్కుతూ పోయింది.

స్నేహితుల పట్టీలో చాలా పేర్లున్నాయి. ఒక్కటీ మనుషుల పేరులా లేదు. అన్నిటికంటే పైన, పులి ముఖం బొమ్మతో, 'నైట్ టైగర్' అని ఉంది. కలిసి ఆడిన ఆటలు మూడు వందల పన్నెండు. దాని కింద పేరుకి పదకొండు. ఆ కింద నాలుగు.

మూడు వందల పన్నెండు! క్లాసు పిల్లలు కాదు వీడి జట్టు. ఎవడో ఒక్కడు. ఎవడు వాడు? ఎంతవాడు? పద్నాలుగేళ్ళ పిల్లాడితో మూడు వందలసార్లు ఆడేటంత తీరిక ఎవడికుంటుంది? ఏం ఆశించి ఆడుతున్నాడు? వాట్సాప్‌లో వచ్చే భయపెట్టే కథలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఎవడో పిల్లాణ్ణి మాటల్లో పెట్టి ఇల్లు దాటించాడని, ఎవడో ఫొటోలు అడిగాడని.

అప్పుడు ఆమెకి సిరిల్ బైకు కళ్ళముందు కదిలింది. సిరిల్ దోర్కా తమ్ముడు, ఇరవై రెండేళ్ళవాడు. వాడి బైకు పెట్రోల్ టాంకు మీద పులి ముఖం అంటించి ఉంటుంది. జెఫ్రీని ఎక్కించుకుని తిప్పడం ఆమె కళ్ళారా చూసింది.

ఇంకేం ఆలోచించలేదు. అలాగే వెళ్ళి దోర్కా గుమ్మంలో నిలబడింది.

"దోర్కా, మీ తమ్ముణ్ణి పిలు."

సిరిల్ తల తుడుచుకుంటూ వచ్చాడు. సుజాతమ్మ అడగలేదు, అనేసింది. నా కొడుకుని పాడుచేసింది నువ్వే, ఆ టైగర్‌వి నువ్వే, శనివారం నీ పేరే చెప్పిస్తాను అంది. ఎదురింటివాళ్ళు కిటికీ తెరిచారు.

సిరిల్ తువ్వాలు భుజాన వేసుకున్నాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి ఆమె ముందు పట్టుకున్నాడు. అద్దం సగం పగిలి, కింది భాగం నల్లగా ఉంది. "పూజా సెలవులకి ముందు పగిలినాది, ఆంటీ. అడ్రసు సదవడానికే కళ్ళు పోతన్నాయి. పొద్దున్న తొమ్మిదికి ఎక్కితే పార్సిళ్ళు ఇచ్చి దిగేసరికి ఎనిమిదౌతాది. నాకు ఆటెక్కడిది?"

"సుజాతక్కా," అంది దోర్కా. "ఆడు బైకెక్కించుకున్నది మీ గుంటడు వర్షంలో నిలబడిపోతే. అదీ తప్పయిపోనాదా?"

తప్పయిందని అక్కడే అనేస్తే పోయేది. సుజాతమ్మ అనలేకపోయింది. తన ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకుంది. సాయంత్రం జెఫ్రీని నిలదీసింది.

"టైగర్ ఎవడురా?"

వాడు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. "ఎవడో. ఆన్‌లైన్ ఫ్రెండు."

"పేరు?"

"తెలీదు."

"ఊరు?"

"తెలీదమ్మా."

వాడు అబద్ధం చెబుతున్నాడని ఆమెకి తెలుసు. చిన్నప్పట్నుంచీ వాడు అబద్ధమాడితే ఎడంచెవి ఎర్రబడుతుంది. చెవి ఎర్రబడింది. నోరు మాత్రం విప్పలేదు.

గురువారం సాయంత్రం ఇంట్లో ప్రార్థన పెట్టించింది. దావీదు బుధవారం తిరిగొచ్చాడు, గురువారం చీకటిపడ్డాక గానీ మళ్ళీ డ్యూటీ లేదు. చాపలు పరిచి, పదిహేనుమందికి టీ, సమోసాలు సిద్ధం చేసింది. అందరూ వచ్చారు, దోర్కా తప్ప. ఆమె కూర్చునే మూల ఖాళీగా ఉంటే సుజాతమ్మ అటువైపు చూడకుండా గ్లాసులు అందించింది.

పాస్టర్ జాన్ పాల్ జెఫ్రీని మధ్యలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి తల మీద చెయ్యి పెట్టాడు. "ప్రభువా, ఈ పసివాడి చేతిలోంచి ఆ ఫోను బంధకాన్ని తెంచు. చీకట్లో వీడిని పిలుస్తున్న ఆ స్వరం ఎవరిదైనా సరే, ఆ నోరు మూయించు తండ్రీ!"

"ఆమేన్," అన్నారందరూ. అందరికంటే గట్టిగా అన్నది దావీదు.

సుజాతమ్మ కళ్ళు మూసుకోలేదు. కొడుకుని చూస్తోంది. ఆ ఆమేన్‌కి జెఫ్రీ కళ్ళు తెరిచి, పక్కకి తిప్పి, తండ్రిని చూశాడు. సోమవారం దెబ్బ తిన్నప్పటి చూపే. దావీదు కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. నవంబరు నెలలో, ఫ్యాన్ కింద.

పాస్టర్ వాడిచేత అందరిముందూ చెప్పించాడు, ఇక ఫోన్ ముట్టనని. వాడు చెప్పాడు. గొంతు మారుతున్న వయసు, మాట మధ్యలో కీచుమంది. ఎవరో పిల్లలు కిసుక్కుమన్నారు. వాడు తల వంచుకున్నాడు. అయినా వాడు నోరు విప్పి ఆ టైగర్ పేరు చెప్పలేదు. ఇంత అవమానం మోస్తూ ఎవణ్ణి కాపాడుతున్నాడు వీడు? సుజాతమ్మకి కోపం కంటే భయమే ఎక్కువైంది.

శుక్రవారం మధ్యాహ్నం ఝపటాపూర్ పేటకి వెళ్ళింది. స్టేషనరీ కొట్టు మీది గదిలో ట్యూషన్ చెప్పే రాజశేఖర్ మాస్టారు రిజిస్టరు తిరగేసి, చీటీ మీద తారీకులు రాసిచ్చాడు. పోయిన నెలలో వాడు ఎగ్గొట్టిన రోజులు. తొమ్మిది.

"మీకు తెలుసనే అనుకున్నానమ్మా. ఒంట్లో బాలేదని వాళ్ళ నాన్నగారి నంబరు నుంచి మెసేజీ వచ్చేది."

"ఈయన నంబరు నుంచా?"

"అవునమ్మా. మొదట రెండుసార్లు వచ్చింది. తర్వాత నేనే అడగడం మానేశాను."

వాడే తండ్రి ఫోన్ తీసి పంపేసి ఉంటాడు, దొంగ వెధవ అనుకుంది. ఇంటికొచ్చి, కేలండర్ పాత కాగితం తిప్పి, చీటీ పక్కన పెట్టుకుంది. తొమ్మిది రోజులూ దావీదు ఊళ్ళో లేడు. అనుకున్నదే. నాన్న లేని రోజు చూసుకుని ఎగ్గొడుతున్నాడు.

కానీ ఊళ్ళో లేనివాడు ఫోన్ ఇంట్లో ఎలా వదిలి వెళ్తాడు?

మళ్ళీ మొదట్నుంచీ చూసింది, ఈసారి వేలు పెట్టి. తొమ్మిదో తారీకు దావీదు ఊళ్ళో లేడు, అయినా జెఫ్రీ ట్యూషన్‌కి వెళ్ళాడు. పద్నాలుగు కూడా అంతే. ఇరవై ఒకటి కూడా. ఆ మూడు రోజుల్లో ట్యూషన్ వేళకి, అంటే సాయంత్రం నాలుగింటికి, దావీదు ఇంజన్‌లో ఉన్నాడు. మూడింటిలోనూ ఎర్రపెన్ను అంకె నాలుగుకి ముందు, నీలంపెన్ను అంకె నాలుగు తర్వాత. వాడు ఎగ్గొట్టిన తొమ్మిది రోజుల్లో నాలుగింటికి దావీదు ఎక్కడున్నాడు? టాటా రన్నింగ్ రూము. భద్రక్ రన్నింగ్ రూము. టాటా. టాటా. భద్రక్. తొమ్మిదికి తొమ్మిదీ రెస్టే. అన్నీ తన చేతిరాతే.

వేరే ఎవరి భార్యయినా ఊళ్ళో ఉన్నాడు, లేడు అని రెండే చూసేది. ఊళ్ళో లేనివాడు బండి మీద ఉన్నాడా, మంచం మీద ఉన్నాడా అని డ్రైవరు పెళ్ళానికి తప్ప ఇంకెవరికి పట్టింది?

గోడ గడియారం నాలుగూ పది చూపిస్తోంది. జెఫ్రీ ట్యూషన్‌కి వెళ్ళాడు. దావీదు పొద్దున్న ఏడింటికి టాటాలో దిగాడు. సుజాతమ్మ చీటీ మడతపెట్టింది. లేదు, అలా అయ్యుండదు అని పైకే అనుకుంది. అనుకుంటూనే బీరువా తాళం తీసింది.

గేము తెరిచి నిమిషం కాలేదు, తెర మీద పులి ముఖం ఊగింది. పిలుస్తోంది. ఆకుపచ్చగా ఉన్నచోట నొక్కింది. తెర మీద టోపీలు పెట్టుకున్న ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడ్డారు.

"ఒచ్చినావా బాబూ!"

ఫోన్ చేతిలోంచి జారి ఒళ్ళో పడింది.

"అమ్మ ఫోనిచ్చేసినాదేటి? శనోరందాకా ఇవ్వదనుకున్నాను. ఏం, మాట్లాడవేటి? పక్కన ఉన్నాదా? ఠీక్ హై, నువ్వు మాట్లాడకు. విను సాలు." దావీదు గొంతే. కానీ ఆమె ఎరిగిన గొంతు కాదు. నిద్రమత్తూ విసుగూ లేవు అందులో. నవ్వుతున్నాడు. "రాత్రి ఝాడ్‌గ్రామ్ దాటినాక ఏనుగులు అడ్డొచ్చినాయిరా. ఏడో ఎనిమిదో. పిల్లది ఒకటి పట్టాల మధ్య కూకుండిపోనాది. తల్లి ఎనకనుంచి నెడతాది, అది లేస్తాది, మళ్ళీ కూకుంటాది. నలభై నిమిషాలు! హెడ్‌లైటు తగ్గించీసి నేనూ అసిస్టెంటూ అలా సూస్తా కూకున్నాం. ఎప్పుడు తెల్లారుతాదా, ఎప్పుడు నీకు సెప్దామా అని ఒకటే ఇది."

సుజాతమ్మ మంచం కోడు పట్టుకుంది. ముందు ఒళ్ళంతా తేలికైంది, ఎవడో ముక్కూమొహం తెలీనివాడు కాదు కదా అని. ఆ వెంటనే కోపం లేచింది. చెంప మీద కొట్టిన చెయ్యి ఇదేనా? ఆమేన్ అన్న నోరు ఇదేనా? ఆ కోపం కింద ఇంకొకటి కూడా ఉంది, దాని పేరు చెప్పుకోవడానికి సిగ్గేసింది గానీ అది అసూయే. పదిహేడేళ్ళలో ఆ మనిషి తనకి ఒక్క ఏనుగు సంగతి చెప్పలేదు. దిగినాను, పడుకుంటన్నాను. తన వంతుకి ఆ రెండు మాటలే.

"జెఫ్రీ." గొంతు తగ్గింది. "నిన్న ప్రార్థనలో ఆమేన్ అన్నానని కోపమొచ్చిందేటి? మరేటి సెయ్యను సెప్పు, అందరూ సూస్తన్నారు. రేపు ఇస్కూల్లో నా పేరు మాత్రం సెప్పకు బాబూ. లాబీ ఆఫీసులో తెలిస్తే రెస్టులో ఆటలాడతన్నాడని రాసీస్తారు. మీ అమ్మకి తెలిస్తే ఇంక నా మొకం సూడదు. ఒక్కడినే ఆడతానని సెప్పీ. టీసీ గీసీ ఏటీ ఇవ్వరు, బెదిరిస్తారంతే. వింటన్నావా?"

సుజాతమ్మ ఫోన్ కట్టేసింది. బీరువాలో పెట్టి తాళం వేసింది. కేలండర్ ముందు నిలబడి ఆ నీలం అంకెలన్నీ చూసింది. ఏ రోజు నిజంగా పడుకున్నాడు, ఏ రోజు పడుకోకుండా బండెక్కాడు? దేన్ని నమ్మాలో తెలీలేదు. రెండుసార్లు ఆయన నంబరు మీదికి వేలు వెళ్ళింది. చెయ్యలేదు. అడిగితే ఒప్పుకుంటాడు, కాళ్ళు పట్టుకుంటాడు, అంతా ఇంట్లోనే సద్దుమణుగుతుంది. అలా కాదు. రేపు పదకొండింటికి కొడుకు నిలబడేచోట ఆయనా నిలబడతాడు. నోరు విప్పుతాడో, పిల్లాణ్ణి బలిపెట్టి సంతకం పెట్టేస్తాడో అక్కడే చూడాలి అనుకుంది. సాయంత్రం జెఫ్రీకి ఉప్మా పెడుతూ, ఎందుకో వాడి తల నిమిరింది. వాడు అనుమానంగా చూశాడు.

శనివారం తెల్లవారి దావీదు వచ్చాడు. వంటింటి కిటికీలోంచి కుళాయి దగ్గర తండ్రీకొడుకులు కనబడ్డారు. మాటలు వినబడలేదు. దావీదు బ్రష్షు నోట్లో పెట్టుకునే ఏదో అడిగాడు. జెఫ్రీ తల అడ్డంగా ఊపి, బీరువా ఉన్న గది వైపు వేలు చూపించాడు. దావీదు చెయ్యి ఆగిపోయింది. నురగ గడ్డం మీదికి కారింది. మెల్లగా తల తిప్పి వంటింటి కిటికీ వైపు చూశాడు. సుజాతమ్మ చూపు తిప్పుకోలేదు.

టీ దగ్గర ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. "ఇవాళ మీరే మాట్లాడాల," అంది ఒక్కటే. టోటో బ్యాటరీ రిక్షాలో ముగ్గురూ బడిదాకా అలాగే కూర్చున్నారు, జెఫ్రీ మధ్యలో.

సత్యవాణి బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి హామీపత్రం. రెండోది బోర్లించి ఉంది. అదేమిటో అడగాల్సిన పని లేదు.

"చెప్పు జెఫ్రీ," అంది. "ఎవరితో ఆడుతున్నావు?"

"నేనొక్కడినే, మేడమ్."

"ఒక్కడివే ఎలా ఆడతావు? నాకు తెలీదనుకున్నావా? పక్కన మనిషి ఉండాలి కదా."

"ఎవరో ఉంటారు. నాకు తెలీదు."

"ఆఖరిసారి అడుగుతున్నాను. నువ్వు ఎవరినో కాపాడదామనుకుంటున్నావు. వాడు నీకోసం టీసీ తీసుకుంటాడా?"

జెఫ్రీ ఎడంచెవి ఎర్రగా కందిపోయింది. "నేనొక్కడినే," అన్నాడు.

సుజాతమ్మ భర్తని చూడలేదు. ఒళ్ళో ఉన్న తన చేతుల్నే చూసుకుంది. సూది గుచ్చుకున్న మచ్చల మీద మచ్చలు. చెప్పు, చెప్పు, చెప్పు అని లోపల ఒకటే అరుపు. ఇప్పుడు చెప్పకపోతే ఈ మనిషితో ఇంక నేనెలా బతకాలి అనిపించింది.

సత్యవాణి నిట్టూర్చి, బోర్లించిన కాగితం తిప్పి, పెన్ను మూత తీసింది.

"దావీదు," అన్నాడు దావీదు. దగ్గి మళ్ళీ అన్నాడు. "ఆ పేరు రాయండి, మేడమ్. దావీదు."

ఆవిడ తల ఎత్తలేదు. "ఏ క్లాసు? ఏ సెక్షను?"

"నేనే, మేడమ్. ఆడి నాన్నని."

పెన్ను ఆగింది.

"టాటాలో, భద్రక్‌లో రెస్టులో ఉన్నప్పుడు. నిద్ర లేచినాకే ఆడతాను, ఆ తప్పు మాత్రం సెయ్యలేదు. ట్యూషన్ టైమని నాకు తెల్సు. రమ్మన్నది నేనే. ఆడు రానన్నాడు కూడా, రెండు మూడుసార్లు. మాస్టారికి మెసేజీ పెట్టినదీ నేనే." ముఖం పైకెత్తలేదు. ఒక్కొక్క మాటా బల్ల మీద పెడుతున్నట్టు చెప్పాడు. "ఈ తొమ్మిదో క్లాసు పిల్లలు నాకు తెలీదు. ఆళ్ళకీ ఈడికీ సంబంధం నేదు. ఈడి జట్టంతా నేనే."

సత్యవాణి దగ్గర పిల్లలకి చెప్పే మాటలు చాలా ఉన్నాయి. తండ్రులకి చెప్పేవి లేనట్టున్నాయి. ఆ రెండో కాగితాన్ని నిలువుగా చించి బుట్టలో వేసింది. "సోమవారం నుంచి మూడున్నరకి స్పెషల్ క్లాసు. ఒక్కరోజు మానినా ఒప్పుకోను. పరీక్ష రాస్తాడు," అంది. సుజాతమ్మ కొడుకు భుజం మీద చెయ్యి వేసింది.

జెఫ్రీ ఆ చెయ్యి విదిలించి లేచాడు. వారం రోజులుగా తడవని కళ్ళు నిండిపోయాయి.

"ఎందుకు సెప్పీసినావు?" అన్నాడు తండ్రితో. "నేను ఎవలికీ సెప్పలేదు కదా. కొట్టినావు, సెప్పలేదు. అందరిముందూ ప్రార్థన సేయించినారు, సెప్పలేదు. టీసీ ఇచ్చినా సెప్పకపోదును. నువ్వెందుకు సెప్పీసినావు?"

"నీకోసమేరా..."

"నాకోసమేటి? ఇంక నువ్వు ఆడవు. అమ్మ ఆడనివ్వదు. మరి ఇంక నాతో ఎక్కడ మాట్లాడతావు?"

"ఇంటికాడ మాట్లాడుకుందాం బాబూ."

"ఇంటికాడ ఏటి మాట్లాడతావు?" అన్నాడు జెఫ్రీ. ఎదురు చెప్పడం కాదు, వాడికి నిజంగానే తెలీదు.

దావీదు సుజాతమ్మ వైపు తిరిగాడు, ఏం మాట్లాడాలో ఆమెకి తెలిసి ఉంటుందన్నట్టు. ఆమె కూడా వెతుక్కుంది. పద్నాలుగేళ్ళు వెనక్కి వెళ్ళి వెతుక్కున్నా, ఇంట్లో ఆ ఇద్దరూ మాట్లాడుకుంటున్న ఒక్క సాయంత్రం కూడా ఆమెకి దొరకలేదు.

"సంతకాలు ఇక్కడ," అంది సత్యవాణి, హామీపత్రం వాళ్ళ ముందుకు జరుపుతూ.